పళ్ళు కుట్టుకునే సూది, ఫరసాన్ ముత్యం

ఎర్రసముద్రంలోని ఫరసాన్ దీవులకు పోయి వచ్చానని చెబితే జెద్దాలో మనవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ మాల్ ఉందా?" అని. లేదన్నాను. "మరేముంది?" అన్నారు. జింకలున్నాయన్నాను. జింకల కోసం మూడు రోజులు పాడు చేసుకున్నావా అన్నట్టు ఒక చూపు చూసి బిర్యానీ వైపు తిరిగారు. ముత్యం సంగతి చెప్పేలోపు రైతా కూడా అయిపోయింది. అందుకే ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నిజానికి నేను పోయింది చూడ్డానికి కాదు. నాది కర్నూలు. జెద్దాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పళ్ళ డాక్టర్ని. ఫరసాన్‌లో ఆడపిల్లల బడిలో ఒకరోజు పళ్ళ పరీక్షలు పెట్టారు. పోవలసిన ఇద్దరు డాక్టర్లలో ఒకరికి సముద్రం పడదు, ఇంకొకరికి పిల్లలు పడరు. నర్సు సమయానికి జ్వరం తెచ్చుకుంది. మా ఆయన యాన్బు రిఫైనరీలో షట్‌డౌన్ పనిలో పడి, నేను ఇంట్లో ఉన్నానో లేదో కూడా తెలియని స్థితిలో ఉన్నాడు. చివరికి మిగిలింది నేను, క్లినిక్ వ్యాను, దాన్ని నడిపే యూసుఫ్ భాయ్.

జిజాన్ దారి

యూసుఫ్ భాయ్‌ది హైదరాబాదు పక్కన ఒక పల్లె. సౌదీలో ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. వచ్చే నెలలో ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవడమే. ఊళ్ళో అయిదు నెలల మనవరాలు ఉంది. ఆ పిల్లను ఇంతవరకూ ఫోన్‌లోనే ముద్దాడాడు.

మనిషి బంగారం, నోరు మాత్రం కోటలు దాటుతుంది. జెద్దా నుంచి జిజాన్‌కు ఎనిమిది గంటల దారి. ఆ ఎనిమిది గంటలూ ఆయన దాదా, అంటే తాత, కథల రూపంలో మాతో ప్రయాణం చేశాడు. దాదా ముత్యాలకు బెజ్జాలు వేసేవాడట. ఆ పల్లెలో ఇంటింటా అదే పనట. సముద్రం అవతల నుంచి బొంబాయి మీదుగా ముత్యాలు హైదరాబాదుకు వస్తే, షావుకార్లు లెక్కబెట్టి దాదా చేతిలో పోసేవారట.

"ఫరసాన్ ముత్యం, బస్రా ముత్యం, కండ్లు మూసుకొని చేత్తోటి చెప్పేటోడు డాక్టరమ్మా. నేను గూడ గంతే. ఎన్ని వేల ముత్యాలకు బెజ్జం ఏసిన్నో లెక్కనే లేదు!"

"ఇన్ని వేలు వేసినోళ్ళు డ్రైవరు పనికి ఎందుకొచ్చినారు భాయ్?"

"కిస్మత్" అన్నాడు. ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్నలన్నింటికీ ఆ ఒక్క మాటే జవాబు.

అల్ లీత్ దాటాక రోడ్డు పక్కన మందీ తిన్నాం. మేక మాంసం, అన్నం, ఒకే పళ్ళెం. తినడం అయిపోగానే భాయ్ చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. అందులో ఒక ఉక్కు సూది, వేలెడు పొడుగు, మొన దగ్గర చదునుగా ఉంటుంది. దాదా బెజ్జాలు వేసిన సూది అది. దాంతో మన యూసుఫ్ భాయ్ పళ్ళు కుట్టుకుంటాడు.

ఆరేళ్ళుగా నాకు ఆ దృశ్యం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఒక పళ్ళ డాక్టరు ఎదుట కూర్చుని ఉక్కు సూదితో చిగుళ్ళు కెలుక్కునే ధైర్యం ఎవరికైనా ఎలా వస్తుంది? దానికోసమే ఉన్న దారం, మా భాషలో ఫ్లాస్, డబ్బాలకు డబ్బాలు ఇవ్వబోయాను. బట్టలు కుట్టుకోమన్నాడు.

"మా దాదా ముత్యాల పొడి మా చిగుర్లకు రుద్దిండు డాక్టరమ్మా. మొదటి పన్ను వస్తుంటే రుద్దాలె. గందుకే నా పండ్లు గట్టిగున్నయి."

"మూడు పళ్ళు పుచ్చినాయి. రెండు ఊగుతున్నాయి. నేనే చూసినా కదా? ముత్యం పొడీ లేదు, మన్నూ లేదు. సుద్దముక్క రుద్దుకున్నా అంతే."

అరగంట అలిగాడు. ఆ అరగంట మాత్రం దారి బాగుంది, ఒంటెలు కూడా కనిపించాయి.

జిజాన్‌లో నాకు ప్రాణం లేచి వచ్చింది. కారణం మల్లెపూలు. సౌదీలో ఇన్నేళ్ళుండి ఎండిన ఖర్జూరం తప్ప చెట్టుకు పూసిందీ కాసిందీ చూడని నాకు, అక్కడి బజారులో అల్లిన మల్లెదండలు గుట్టలుగా కనబడ్డాయి. కొండల మీద మగవాళ్ళు కూడా తలకు పూలు చుట్టుకుంటారట. పది రియాళ్ళకు ఇంత పొడుగు దండ. మా కర్నూలు పూలామె అయితే ఆ డబ్బుకు మూర కొలుస్తూ మోచేతిని ఇంకా కురచ చేసేది.

ఉచితం ఓడ

సౌదీలో ఊరికే దొరికేవి రెండు: ఎండ, ఫరసాన్ ఓడ. మనిషికి టికెట్టు డబ్బుల్లేవు, వ్యానుకూ లేవు. మర్నాడు పొద్దున్నే ఎక్కాం, గంటన్నర లోపే దించేస్తుంది. ఊరికే వచ్చింది కదా అని భాయ్ రెండుసార్లు డెక్కు మీదకు పోయి వచ్చాడు. మూడోసారి పోయినవాడు ఎంతకూ రాకపోతే నేనే వెళ్ళాను. రెయిలింగు పట్టుకుని నీళ్ళను చూస్తున్నాడు.

"ఏంది భాయ్, వాంతి వస్తోందా?"

"లేదమ్మా. మా దాదా సముద్రం సూడలే. జిందగీ అంత దీంట్లకెళ్ళి వచ్చినవాటి తోటే బతికిండు, గని ఒక్కపారి గూడ సూడలే."

ఇరవై ఆరేళ్ళు ఎర్రసముద్రం ఒడ్డునే ఉన్న మనిషి ఇప్పుడు కొత్తగా ఏం చూస్తున్నాడా అని నవ్వొచ్చింది. అయితే నవ్వలేదు, పక్కన నిలబడ్డాను.

ఊరు

బడిలో నాకు సాయానికి ఇచ్చిన టీచరమ్మ పేరు నూరా. ఇరవై అయిదేళ్ళుంటాయి. ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడుతుంది. ఇంకో పదిరోజుల్లో పెళ్ళి. పిల్లల నోళ్ళు చూసి, ఊగుతున్న పాలపళ్ళు ఓ డజను పీకి, మధ్యాహ్నానికి పని ముగించాం. తర్వాత నూరా మా వ్యాను ముందు తన కారు నడుపుతూ ఊరు చూపించింది.

చూసిందాన్ని బట్టి ఫరసాన్ చరిత్రను నేను ఒక్క ముక్కలో చెప్పగలను: ఎవరెవరో డ్యూటీ మీద వచ్చారు, పోయారు. రోమన్ సైనికులు కొన్నాళ్ళు ఉన్నారట, వాళ్ళు చెక్కిన రాయి ఒకటి దొరికింది. అంత దూరం నుంచి ఇంత ఎండలోకి ట్రాన్స్‌ఫర్ వేశారంటే ఆ పై అధికారికి వాళ్ళ మీద ఎంత కోపం ఉండాలో! తర్వాత తుర్కులు వచ్చి దిబ్బ మీద కోట కట్టారు. జర్మన్లు బొగ్గు దాచుకోవడానికి సముద్రం పక్కన పెద్ద గోడలు లేపారు. ఆ గోడల మధ్య ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. అందరికీ ఫైనల్ ఎగ్జిట్ పడింది. మిగిలింది ఊరివాళ్ళే, వాళ్ళకు ఇఖామా, అదే నివాస పర్మిట్టు, అక్కర్లేదు.

పాత ముత్యాల వ్యాపారుల ఇళ్ళు మాత్రం అడుగు కదలనివ్వవు. గోడల నిండా సున్నంలో చెక్కిన తీగలు, తలుపుల మీద పూలు. ఆ తలుపుల కర్ర హిందుస్తాన్ నుంచి వచ్చిందని నూరా చెబితే, యూసుఫ్ భాయ్ తలుపును చేత్తో తట్టి, చుట్టాన్ని పలకరించినట్టు "మనదే" అన్నాడు.

పడవలు ముత్యాలకు పోతే నాలుగేసి నెలలు తిరిగి వచ్చేవి కావట. కాళ్ళకు రాయి కట్టుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని నీళ్ళలోకి దిగేవారు. నూరా ఒక మాట అంది, నాకు బాగా నచ్చింది. "మగవాళ్ళను ఎవరిని అడిగినా ముత్యాల కథలే చెబుతారు. ఆ నాలుగు నెలలూ బావిలో నీళ్ళు తోడిందెవరో ఒక్కరూ చెప్పరు."

వేసవి వస్తే ఊరు ఊరంతా సామాన్లు కట్టుకుని కస్సార్ అనే ఖర్జూర తోటల పల్లెకు విడిదికి పోయేవారు. ఎంత దూరమో అనుకున్నాను. అయిదారు కిలోమీటర్లు! మేం కర్నూలు నుంచి పక్కనే ఉన్న కల్లూరుకు పోయి ఊటీ పోయి వచ్చామని చెప్పుకున్నట్టుంది. కానీ అక్కడి బావి నీళ్ళు తాగి చూశాక నేను నోరు మూసుకున్నాను. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్ళు. నేనైనా మంచం తీసుకునే పోయేదాన్ని.

ఇంకో ఆచారం విన్నాను. ఏటా వసంతంలో ఒకరోజు హరీద్ అనే చేపల మంద ఒడ్డుకు వస్తుంది. సముద్రం వాసన మారితే పెద్దవాళ్ళు పసిగట్టి చెబుతారు. అప్పుడు ఊరంతా వలలతో నీళ్ళలోకి ఉరుకుతుంది. కొత్త పెళ్ళికొడుకు పట్టిన చేపలు అత్తారింటికి పోవాలి. అల్లుడే అత్తగారికి పెట్టాలి! మన వైపు అల్లుళ్ళకు ఈ సంగతి తెలియకుండా దాచడం మంచిది కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

తెరిచిన తలుపు

సాయంత్రం నూరా వాళ్ళింట్లోనే భోజనం. వచ్చిన అతిథిని హోటల్లో తిననిస్తే వాళ్ళ పరువు పోతుందట. నన్ను ఆడవాళ్ళ గదిలో, భాయ్‌ను నూరా తాత ఇబ్రహీం గారి దగ్గర, మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో కూర్చోబెట్టారు. మధ్యలో తలుపు తీసే ఉంది. నిప్పుల మీద కాల్చిన చేప, అన్నం, పచ్చిమిర్చీ టమాటా నూరిన పచ్చడి. ఆ పచ్చడి తిని నేను కర్నూలులో ఉన్నాననుకున్నాను.

అవతల నుంచి భాయ్ గొంతు వస్తోంది. అరబ్బీలో. నాకు ముక్క ముక్కే తెలుసు కానీ, ఆ రాగాన్ని బట్టి దాదా వచ్చేశాడని అర్థమయింది. నూరా నవ్వుతూ నాకు చెప్పింది. "మీ డ్రైవరు గారి తాత మా దీవి ముత్యాలన్నింటికీ రంధ్రాలు వేశారట. ఈయన కూడా వేల ముత్యాలకు వేశారట."

"అవునవును" అన్నాను నేను, అన్నం కలుపుతూ.

మన దగ్గర కోతలు కోస్తే వినేవాడికి తెలుసు, కోసేవాడికీ తెలుసు. ఇద్దరూ చాయ్ తాగి లేచిపోతారు. ఫరసాన్‌లో అతిథి చెప్పిన మాటను నిజమనుకోవడం మర్యాద. ఇబ్రహీం గారు తినడం ఆపి, చేయి కడుక్కుని లోపలికి పోయారు. వస్తూ పాత కాఫీ డబ్బా తెచ్చారు. అందులో దూది, దూదిలో బట్ట, బట్టలో ఒక ముత్యం.

శనగగింజ అంత ఉంటుంది. తెలుపు కాదు, మీగడ రంగు. ఇబ్రహీం గారి నాన్న ఆఖరిసారి నీళ్ళలోకి దిగినప్పుడు తెచ్చిందట. ఒడ్డుకు వచ్చేసరికి కొనేవాళ్ళే లేరు. జపాన్ వాళ్ళు ముత్యాలను తోటల్లో పండించినట్టు పండించడం మొదలుపెట్టారు, వ్యాపారులు ఓడలు మానుకున్నారు. ముత్యం ఇంట్లోనే ఉండిపోయింది. దీవిలో బెజ్జం వేసేవాళ్ళు ఏనాడూ లేరు, ఆ పని హిందుస్తాన్‌ది. ఇబ్రహీం గారి తల్లి పెట్టుకోలేదు, భార్య పెట్టుకోలేదు. నూరా పెళ్ళికి పెట్టుకోవాలని ఆశపడింది. జిజాన్ బంగారం కొట్టువాడు జెద్దాకు పంపి మెషీన్ మీద వేయిస్తానన్నాడు. నా కళ్ళముందు నుంచి కదలనివ్వను, మెషీన్‌లో అది పగిలితే నాకెవరు చెబుతారు, అన్నారు పెద్దాయన. రెండేళ్ళుగా తాతా మనవరాళ్ళ మధ్య ఇదే గొడవ.

ఇప్పుడు ఆ డబ్బా యూసుఫ్ భాయ్ ముందు ఉంది.

భాయ్ ముఖంలో రక్తం లేదు. అయినా తెలివైనవాడు, వెంటనే తేరుకుని ఏదో అన్నాడు. నూరా నిట్టూర్చింది. "పనిముట్టు తన దగ్గర లేదంటున్నారు. ఉంటే ఈ క్షణంలో వేసేవారట."

ఇక్కడ నేను చేసిన పని గురించి మా ఆయన ఇప్పటికీ దెప్పుతున్నాడు. నోరు ఊరుకోలేదు. తలుపులోంచి అరిచాను. "అదేంది భాయ్, జేబులో ఉంది కదా! నిన్ననే కదా దాంతో పళ్ళు కుట్టుకున్నారు!"

తెలుగులోనే అన్నాను. కానీ వేలుతో ఆయన చొక్కా జేబు చూపించాను. ఇబ్రహీం గారికి అది చాలు, పొద్దున్నే వచ్చి వేయమన్నారు.

పాలపళ్ళు

గెస్ట్‌హౌస్ ముందు భాయ్ వ్యాను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టి అన్నాడు. "ఎందుకు చేసినవు డాక్టరమ్మా గట్ల?"

"వేల ముత్యాలకు వేసినారు కదా?"

"ఒక్కటి ఎయ్యలే." ఆయన నా వైపు చూడలేదు. "అస్సలు ముత్యం నా చేతికి ఇయ్యలే దాదా. పగిలినవి, గుల్లవి ఇచ్చి నేర్పిండు. నాకు పన్నెండేండ్లప్పుడు ఆయన కండ్లు పోయినయి. పని బందయింది. ఇంట్ల సామానంత అమ్మినం. సూదిని ఎవ్వరు కొనలే, గందుకే మిగిలింది. రేపు గిన ముత్యం పగిలిందనుకో, ఆ ముసలాయన ముఖం ఎట్ల సూడాలె? మా దాదా పేరు నేను చెప్పిన గదా, ఆయన పేరే పోతది."

నాకు నా నాలుకను నేనే పీక్కోవాలనిపించింది, పనిముట్లు కూడా వెంటే ఉన్నాయి. "నా మెషీన్ ఉంది, దాంతో వేద్దామా?" అన్నాను. అనగానే నాకే భయమేసింది. పన్నుకు పుచ్చు తీసే వేగానికి ముత్యం వేడెక్కి చిట్లితే ఇద్దరం కలిసి సముద్రంలో దూకాలి. భాయ్ కూడా తల అడ్డంగా ఊపాడు.

"చేయి మరిచిపోయిందో లేదో చూద్దాం. దేని మీదైనా ప్రాక్టీసు చేయండి."

"దేని మీద చేస్తం? ముత్యాలు యాడున్నయి?"

అప్పుడు గుర్తొచ్చింది. పసుపు సంచిలో, నియమాల ప్రకారం జెద్దాకు తీసుకుపోయి పారవేయవలసిన డజను పాలపళ్ళు. ముత్యాల్లాంటి పళ్ళు అని కవులు అంటారు. ఒక్క పన్నయినా కడిగి ఉంటే తెలిసేది. అయితే ఒకటి నిజం, పన్ను పైపొర ముత్యం కంటే గట్టిది. పన్నుకు బెజ్జం పడితే ముత్యానికీ పడుతుంది.

మందు నీళ్ళలో నానబెట్టి, కడిగి, తుడిచి వాటిని భాయ్ చేతిలో పోశాను. ఆయన ఖర్జూర మట్టను వంచి, చేపల గాలపు దారం కట్టి విల్లులాంటి కమాను చేశాడు, ఆ దారం సూదికి చుట్టి లాగితే సూది గిర్రున తిరుగుతుంది. సూదిని రాతి మీద నూరి మొన తీశాడు. చెక్కలో చిన్న గుంత తొలిచి పన్నును బిగించాడు. మొదటి పన్ను ముక్కలైంది. రెండోది గుంతలోంచి ఎగిరి నా ఒళ్ళో పడింది. మూడోదానికి నెమ్మదించాడు. కమాను ముందుకూ వెనక్కూ పోతుంటే, అదే చేతి చిటికెన వేలు నీళ్ళలో ముంచి, సూది మీద చుక్క చుక్కగా వదులుతున్నాడు. మా క్లినిక్ మెషీన్‌లో నీళ్ళ గొట్టం చేసే పని అదే. ఆ వేలికి ఎవరు గుర్తు చేశారో ఆయనకూ తెలియదు.

నాలుగోది దిగింది. అయిదోదీ దిగింది.

పొద్దుటి వెలుతురు

బెజ్జం పని పొద్దుటి వెలుతురులోనే చేయాలట. నూరా వాళ్ళ వాకిట్లో చాప వేశారు. ఇబ్రహీం గారు ఎదురుగా కూర్చున్నారు. ఆయన వెనక నూరా, ఆమె వెనక ఇంటిల్లిపాది. మధ్యాహ్నం ఓడకు మా పేర్లున్నాయి.

భాయ్ ముత్యాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూశాడు. ఒకచోట ఆగాడు. అక్కడ సూదిమొనంత మచ్చ ఉంది. నేనైతే ఆ మచ్చను తప్పించి వేసేదాన్ని. భాయ్ సరిగ్గా దాని మీదే సూది ఆనించాడు. మచ్చ ఉన్నచోటే బెజ్జం వేస్తే, బెజ్జంతోపాటు మచ్చా పోతుంది. ఇది దాదా చెప్పిందేనట. ఇన్ని గంటల దాదా కథల్లో ఈ ఒక్క ముక్క మాత్రం భాయ్ ఎప్పుడూ చెప్పలేదు.

కమాను కదిలింది. సన్నని కిచకిచ. తెల్లని పొడి నీళ్ళతో కలిసి పాలలా కారుతోంది. ఇబ్రహీం గారి పెదవులు కదులుతున్నాయి. సగం దిగాక సూది ఆపి, ముత్యాన్ని తిప్పి బిగించాడు. అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలు. రెండు దారులూ మధ్యలో కలవాలి. వెంట్రుకంత తప్పినా పగులుతుంది.

ఉన్నట్టుండి "టిక్" మంది.

నేను కళ్ళు మూసుకున్నాను. నూరా నా చేయి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. కళ్ళు తెరిచేసరికి భాయ్ ముత్యాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదుతున్నాడు. ఆ చప్పుడు రెండు దారులూ కలిసినదట. తర్వాత ఎండకు పట్టి, ఇబ్రహీం గారి కంటికి దగ్గరగా చూపించాడు. ఆ పెద్దాయన ఒక కన్ను మూసి చూశారు. చూస్తూనే ఉన్నారు. బెజ్జంలోంచి ఏం కనబడిందో కానీ, తెరిచిన కన్ను తడిసింది.

నూరా దానికి దారం ఎక్కించి మెడ దగ్గర పట్టుకుంది. ఆడవాళ్ళు ఒక్కసారిగా నాలుక ఆడిస్తూ చేసిన ఆ కూతకు వీధిలో మేకలు పరుగెత్తాయి. నేను ఏడ్చాను. ఏడవలేదని రాద్దామనుకున్నాను కానీ భాయ్ ఈ ముక్క ఎవరితోనైనా చదివించుకుంటాడు.

ఏం కావాలో అడగమన్నారు ఇబ్రహీం గారు. తమ ఇంటి ఆచారం ప్రకారం పొడి బెజ్జం వేసినవాడిదే, అది చాలన్నాడు భాయ్. చెక్క మీద ఆరిన పొడిని కోడి ఈకతో ఊడ్చి కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. చిటికెడు కూడా లేదు. దానితోపాటు ఇంటివాళ్ళు కట్టిచ్చిన కాల్చిన చేప మాత్రం ఇద్దరు మోయాల్సినంత ఉంది.

తిరుగు ఓడ

డెక్కు మీద కూర్చుని ఆ చేప తిన్నాం. తిన్నంతసేపూ భాయ్ దాదా పేరు ఎత్తలేదు. నాకే ఏదో లోటుగా ఉండి, "దాదా ఉంటే ఏమనేవాడు భాయ్?" అని అడిగాను.

"ఇంత టైం వట్టిందా అని తిట్టేటోడు" అన్నాడు. తర్వాత చొక్కా జేబు తడుముకున్నాడు. పొట్లం ఉందో లేదో చూసుకున్నాడు. "మనవరాలికి పండ్లు వస్తున్నయట డాక్టరమ్మా. నువ్వేమన్నా అను, నేనైతే రుద్దుత."

చదివిన చదువంతా నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"చెయ్యి సబ్బుతో కడుక్కుని రుద్దండి. మెల్లగా. వేలి చివరతోనే. గోరు తగలకూడదు."

తల ఊపాడు. పంటి సందులో చేపముల్లు ఇరుక్కున్నట్టుంది, నాలుకతో అటూ ఇటూ తోసి చూశాడు. అది రాలేదు. అలవాటుగా రేకు డబ్బీ తీసి, మూత తెరిచాడు. సూదిని ఒక క్షణం చూశాడు. మూత పెట్టి, డబ్బీని పొట్లం పక్కన జేబులో పెట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, ఆ దారం ఉందా నీ తాన?"

ఆరేళ్ళ తర్వాత అడిగాడు. సంచిలోంచి డబ్బా తీసి, మూరెడు కొలిచి తెంచి ఇచ్చాను.